కంపెనీ చెప్పిన 71 ఎక్కడ, మాకొచ్చే 22 ఎక్కడ?

ప్రశ్న: ఇంట్లో నలుగురం. పోయినేడు ఒక ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (గోడ ప్లగ్‌తో ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉండే) ఫ్యామిలీ కారు కొన్నాం. కరెంటు మీద 60 కిలోమీటర్లు నడుస్తుందని, 100 కిలోమీటర్లకు 1.4 లీటర్ల పెట్రోలు చాలని బ్రోచర్‌లో రాశారు. అంటే లీటరుకు 71 కిలోమీటర్లు రావాలి. మాకు 22 కూడా సరిగా రావట్లేదు. పిల్లల స్కూలు, ఆఫీసు కలిపి రోజుకు 50 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు తిరుగుతాం. నెలకు రెండుసార్లు అమ్మావాళ్ళ ఊరు వెళ్ళొస్తాం. అది హైవే మీద పోను 180, రాను 180. రాత్రిపూట ఇంట్లో ఛార్జింగ్ పెడతాం కానీ వారంలో రెండు మూడు రోజులు మరిచిపోతాం. చలికాలంలో మైలేజీ ఇంకా తగ్గింది. బండిలో లోపమా? కంపెనీ మోసం చేసిందా? మావారేమో "ఈ ప్లగ్ గోల మనకెందుకు, హైబ్రిడ్ కదా, నడుస్తుంటే దానంతటదే ఛార్జ్ అవుతుంది" అంటున్నారు. మా తమ్ముడు కూడా ఇలాంటి బండే కొంటానంటున్నాడు. వద్దని చెప్పమంటారా?

జవాబు: మీ బండిలో లోపం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. రోజుకు ఎంత తిరుగుతారు, హైవే మీద ఎంత, ఎన్ని రోజులు ఛార్జింగ్ మరిచిపోతారు అన్నీ రాశారు కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను. ఆ వివరాలతో లెక్క వేస్తే లీటరుకు 22 దగ్గరే తేలుతుంది. మీరు దిగులు పడాల్సింది బండి గురించి కాదు. ఆ 71 అనే అంకె ఎలా పుట్టిందో ముందు చూద్దాం. అది తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు జవాబు చాలావరకు దొరుకుతుంది.

యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్ల మైలేజీని డబ్ల్యూఎల్‌టీపీ అనే పద్ధతిలో కొలుస్తున్నారు. కారును ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, 23 డిగ్రీల ఉష్ణోగ్రతలో, ఏసీ ఆపేసి, అరగంటలో సుమారు 23 కిలోమీటర్ల దూరం నడిపిస్తారు. మామూలు పెట్రోలు కారుకు ఈ టెస్టుతో పెద్ద పేచీ లేదు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను మాత్రం రెండు రకాలుగా పరీక్షించాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి అది అయిపోయేదాకా అదే టెస్టు మళ్ళీ మళ్ళీ నడుపుతారు. తర్వాత ఖాళీ బ్యాటరీతో ఇంకోసారి నడుపుతారు. మొదటి దాంట్లో పెట్రోలు దాదాపు సున్నా. రెండో దాంట్లో మీలాంటి ఫ్యామిలీ కారుకు 100 కిలోమీటర్లకు 7 లీటర్లు అనుకుందాం.

ఇప్పుడు ఈ రెండింటినీ ఒక్క అంకెగా కలపాలి. ఏది ఎంత పాళ్ళలో కలపాలో చెప్పడానికి నియమాల్లో యుటిలిటీ ఫ్యాక్టర్ అని ఒకటి పెట్టారు. కరెంటు మీద 60 కిలోమీటర్లు నడిచే బండి ఉన్నవాళ్ళు తమ మొత్తం ప్రయాణంలో 80 శాతం పైగా కరెంటు మీదే నడుపుతారని పాత ఫ్యాక్టర్ అంచనా. మిగిలిన 20 శాతానికే పెట్రోలు. 7 లీటర్లలో ఐదో వంతు ఎంత? 1.4 లీటర్లు. మీ బ్రోచర్‌లోని అంకె సరిగ్గా అదే, కాబట్టి అది కూడా ఈ పద్ధతిలోనే పుట్టిందనుకుంటున్నాను.

ఒక పిల్లవాడికి నూటికి నూరు, ఇంకొకడికి నలభై వస్తే, సగటు చూసి ఇద్దరూ బాగా చదువుతున్నారని అనుకోం కదా. బ్రోచర్‌లో వేసింది అలాంటి సగటే. మీ ఇంట్లో ఉన్నది ఒక్క బండే అయినా, కాగితం మీద అది రెండు బండ్లు. ఒకటి పెట్రోలు ముట్టదు, రెండోది లీటరుకు 14 ఇస్తుంది. ఏ రోజు ఏది నడుపుతున్నారన్నది మీరు ప్లగ్ పెట్టారా లేదా అన్నదాని మీద, ప్లగ్‌కూ ప్లగ్‌కూ మధ్య ఎంత దూరం తిరిగారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఆ 80 శాతం అంచనా నిజ జీవితంలో నిలబడలేదు. ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. యూరప్‌లో 2021 నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో, ఎంత ఇంధనం కాలిందో లెక్కపెట్టి దాచుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. లక్షల కార్ల నుంచి వచ్చిన ఆ లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు ల్యాబ్ అంకె కన్నా సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు సగటున మూడున్నర రెట్లు తాగుతున్నాయి. మీ 71కీ 22కీ మధ్య ఉన్న తేడా కూడా దాదాపు అంతే. వేరేవాళ్ళకు వస్తున్నదే మీకూ వస్తోంది.

అంతకు రెండేళ్ళ ముందు, 2022లో, ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ, జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ కలిసి యూరప్‌లో సుమారు 9,000 ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల లెక్కలు తీశాయి. సొంతానికి కొనుక్కున్నవాళ్ళ బండ్లు 100 కిలోమీటర్లకు 4.0 నుంచి 4.4 లీటర్లు తాగాయి. ఆఫీసు ఉద్యోగికి ఇచ్చిన కార్లు 7.6 నుంచి 8.4 లీటర్లు తాగాయి. బండ్లు రెండూ ఒకటే రకం. సొంతవాళ్ళు తమ కిలోమీటర్లలో 45 నుంచి 49 శాతం కరెంటు మీద నడిపితే, ఆఫీసు కార్లవాళ్ళు 11 నుంచి 15 శాతమే నడిపారు. వాళ్ళు దూర ప్రయాణాలు ఎక్కువ చేస్తారు. పైగా చాలాచోట్ల పెట్రోలు ఖర్చు ఆఫీసు భరిస్తుంది, ఇంట్లో కరెంటు బిల్లు మాత్రం ఉద్యోగి కట్టుకోవాలి. అలాంటప్పుడు ప్లగ్ పెట్టాలని ఎవరికి బుద్ధి పుడుతుంది? ఈ రెండు గుంపుల మధ్య తేడా చూశాక, ఈ కార్ల మైలేజీని ఇంజినీర్ల కన్నా వాడేవాళ్ళ అలవాటే ఎక్కువగా నిర్ణయిస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

ఇక మీ లెక్క. నెలకు ఊళ్ళో 1,100 కిలోమీటర్లు, హైవే మీద 720, మొత్తం 1,820. కరెంటు మీద 60 అని రాసినా, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే నికరంగా 45 అనుకోండి. బ్యాటరీ అయిపోయాక ఊళ్ళో 100 కిలోమీటర్లకు 6 లీటర్లు, హైవే స్పీడులో ఏడున్నర లీటర్లు అనుకుందాం. ఇవి నా ఊహలే, మీ బండి అసలు అంకెలు కనుక్కునే దారి తర్వాత చెబుతాను.

వారంలో రెండు మూడు రోజులు మరిచిపోవడమంటే పనిరోజుల్లో సగం. ఛార్జింగ్ పెట్టిన 11 రోజులూ రోజుకు 5 కిలోమీటర్లే ఇంజిన్ మీద పోతాయి. మరిచిపోయిన 11 రోజులూ మొత్తం 50 ఇంజిన్ మీదే. ఊళ్ళో ఇంజిన్ మీద తిరిగేది 605 కిలోమీటర్లు, దానికి 36 లీటర్లు. ఊరెళ్ళేటప్పుడు ఫుల్ ఛార్జింగ్‌తో బయలుదేరినా మొదటి 45 కిలోమీటర్లే కరెంటు, మిగతా 315 ఇంజిన్. రెండుసార్లకు 630 కిలోమీటర్లు, 47 లీటర్లు. మొత్తం కలిపితే 83, 84 లీటర్లు. 1,820ని దాంతో భాగిస్తే లీటరుకు 22కి కాస్త తక్కువ. అది కూడా మంచి వాతావరణంలో. చలికాలం కలుపుకుంటే 22 కూడా సరిగా రావట్లేదని మీరు రాసింది నిజమే అయి తీరాలి.

ఈ లెక్కలో మీరు కరెంటు మీద నడిపింది 32 శాతం. యూరప్‌వాళ్ళు తమ ఫ్యాక్టర్‌ను ఇప్పుడు దించుతున్నారు. 60 కిలోమీటర్ల బండికి 80 పైన ఉన్నదాన్ని 2025 నుంచి వచ్చే కొత్త మోడళ్ళకు 54 శాతం చేశారు, 2027 నుంచి 34 శాతం చేస్తారు. ఆ చివరి ఫ్యాక్టర్‌తో మీ బండి బ్రోచర్ మళ్ళీ అచ్చు వేస్తే, 7 లీటర్లలో 66 శాతం, అంటే 4.6 లీటర్లు అని వేయాలి. లీటరుకు 22 కిలోమీటర్లు!

కాబట్టి కంపెనీ మోసం చేసిందా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. వాళ్ళు నియమం ప్రకారమే అంకె వేశారు. చట్టం దృష్టిలో తప్పు లేదు. నియమం తప్పుగా ఉందని నియమం పెట్టినవాళ్ళే ఇప్పుడు ఒప్పుకుని మార్చుకుంటున్నారు. నాకు కోపం తెప్పించే విషయం వేరే ఉంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తాగుతుందో కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది, అది లేకుండా 1.4 అనే అంకె తయారే కాదు. దాన్ని పెద్ద అక్షరాల్లో పక్కనే వేస్తే మీలాంటి కుటుంబాలు కళ్ళు తెరిచి కొనుక్కునేవి. జర్మనీలో 2024 నుంచి కారు లేబుల్ మీద ఖాళీ బ్యాటరీ మైలేజీ కూడా వేయాలని చట్టం చేశారు. ప్రతి దేశంలోనూ అది రావాలి.

ఇక మీవారి మాట. ఆయనతో ఈ విషయంలో నేను ఒప్పుకోలేను. నడుస్తుంటే బ్యాటరీ ఛార్జ్ అవుతుందన్నది నిజమే, కానీ ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? బ్రేక్ వేసినప్పుడు తిరిగొచ్చేది, అంతకుముందు బండిని ఆ స్పీడుకు తేవడానికి కాల్చిన పెట్రోలులో కొంత భాగం. ఇంజిన్ నేరుగా బ్యాటరీని నింపితే అది పూర్తిగా పెట్రోలే. గోడ నుంచి వచ్చే కరెంటు ఒక్కటే ఆ బండికి బయటి నుంచి వచ్చే ఆదాయం. అసలు ప్లగ్గే పెట్టకపోతే మీ నెల లెక్క ఎంతవుతుందో చూడండి. ఊళ్ళో 1,100 కిలోమీటర్లకు 66 లీటర్లు, హైవేకు 54, మొత్తం 120 లీటర్లు. లీటరుకు 15. ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్ కొనుక్కున్నా ఇంతకన్నా మంచి మైలేజీ రావచ్చు. ఎందుకంటే అది ఇంత పెద్ద బ్యాటరీని, ఛార్జర్‌ను మోసుకుని తిరగదు. వాడని బ్యాటరీ ఉత్త బరువు.

ఇదే విషయంలో ఇంకో జాగ్రత్త. చాలా బండ్లలో ఇంజిన్‌తో బ్యాటరీ నింపే ఛార్జ్ మోడ్ ఒకటి ఉంటుంది. మీవారు దాన్ని వాడుతున్నారేమో కనుక్కోండి. పెట్రోలు కాల్చి, ఇంజిన్ తిప్పి, జనరేటర్‌తో కరెంటు చేసి, బ్యాటరీలో దాచి, మళ్ళీ మోటారుకు పంపితే ప్రతి మెట్టులోనూ కొంత వృథా అవుతుంది. 2020లో ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ మూడు ప్లగ్-ఇన్ ఎస్‌యూవీలను రోడ్డు మీద పరీక్ష చేయిస్తే, ఈ మోడ్‌లో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అధికారిక అంకెకు 12 రెట్ల దాకా పోయింది. హోల్డ్, సేవ్ లాంటి పేర్లతో ఉండే మోడ్ వేరు. అది ఉన్న ఛార్జింగ్‌ను తర్వాతి కోసం దాచిపెడుతుంది అంతే, దాంతో ఇబ్బంది లేదు.

మరి రోజూ ప్లగ్ పెడితే ఏమవుతుంది? హైవే అలాగే ఉంచి, మరిచిపోవడం ఒక్కటే మానేశారనుకోండి. నెలకు 84 లీటర్లు కాస్తా 54కి దిగుతుంది. లీటరుకు 34. అమ్మావాళ్ళింట్లో రాత్రి ఉన్నప్పుడు అక్కడి సాకెట్‌కు పెట్టుకుంటే తిరుగు ప్రయాణంలో ఇంకో 45 కిలోమీటర్లు కలిసొస్తాయి, నెలకు దాదాపు 7 లీటర్లు మిగులుతాయి. ఆఫీసులో కూడా ప్లగ్ దొరికితే ఆ రోజువారీ 5 కిలోమీటర్లు కూడా పోతాయి, ఇంకో ఆరు ఆరున్నర లీటర్లు. ఇవన్నీ చేసినా నెలకు 40 లీటర్లు ఖాయం, లీటరుకు 45 దాటదు. హైవే ఉన్నంతకాలం 71 మీకు రాదు, దాని మీద ఆశ వదిలేయండి. మరిచిపోయే రోజుల్లోనే 30 లీటర్లు ఉన్నాయి. ముందు వాటిని పట్టుకోండి. ఆఫీసు ప్లగ్ కోసం మేనేజ్‌మెంట్‌తో పోట్లాడాల్సినంత లాభం మీకు లేదు.

గమనించారా, నేను లీటరుకు కిలోమీటర్ల కన్నా నెలకు లీటర్లే ఎక్కువ చెబుతున్నాను. ప్లగ్-ఇన్ బండికి లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అనే లెక్క కళ్ళు కప్పుతుంది. 22 నుంచి 34కి పోతే 30 లీటర్లు మిగిలాయి. 34 నుంచి 45కి పోతే మిగిలేది 13 మాత్రమే. ఇంట్లో డైరీలో రాసుకునేటప్పుడు నెలకు ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు అని రెండు గళ్ళు పెట్టుకోండి.

యూనిట్లు అన్నాను కదా, అదీ చూడాలి. కరెంటు ఊరికే రాదు. మీ బండికి ఒక ఫుల్ ఛార్జింగ్‌కు గోడ దగ్గర సుమారు 12 యూనిట్లు కాలతాయనుకోండి. బ్యాటరీలోకి వెళ్ళేది దానికన్నా తక్కువే, పదో వంతుకు పైగా ఛార్జింగ్‌లో వేడిగా పోతుంది. ఆ 12 యూనిట్లు ఊళ్ళో 45 కిలోమీటర్లు నడిపి 2.7 లీటర్ల పెట్రోలును ఆపుతాయి. అంటే ఒక లీటరుకు నాలుగున్నర యూనిట్లు బదులు. మీ కరెంటు బిల్లులో యూనిట్ ధర చూసి నాలుగున్నరతో గుణించండి. అది లీటరు పెట్రోలు కన్నా తక్కువైతే ప్రతి రాత్రీ ప్లగ్ పెట్టడం లాభం. ఇంటి కరెంటుకు మామూలుగా లాభమే తేలుతుంది. రోడ్డు పక్కన పబ్లిక్ ఛార్జర్ల దగ్గర యూనిట్ ధర మామూలుగా ఎక్కువ ఉంటుంది కాబట్టి, అక్కడ ఈ గుణకారం చేయకుండా ప్లగ్ పెట్టకండి.

రోజూ ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పాడవుతుందన్న భయం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే అది వదిలేయొచ్చు. ఈ బండ్లలో బ్యాటరీ పైన కొంత, కింద కొంత ఎప్పుడూ వాడకుండా వదిలేస్తారు. తెర మీద 100 చూపించినా నిజంగా అంచుదాకా నిండదు, సున్నా చూపించినా పూర్తిగా ఖాళీ కాదు. మామూలు సాకెట్ మీద 10 ఆంపియర్లతో పెడితే ఐదారు గంటల పని. అన్ని గంటలు నిలకడగా కరెంటు లాగుతుంది కాబట్టి వైరింగ్, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మాత్రం వద్దే వద్దు. అమ్మావాళ్ళింట్లోనూ ఇదే మాట.

మరిచిపోవడం గురించి. ఇది బద్ధకం అని నేననను. పిల్లలు, సంచులు, నిద్రపోయిన చిన్నది, వాన, ఎవరికైనా గుర్తుండదు. ఎవరు ఆఖరున బండి దిగితే వాళ్ళే ప్లగ్ పెట్టాలని ఇద్దరూ అనుకోండి. చాలా బండ్ల యాప్‌లలో ప్లగ్ పెట్టకపోతే ఫోన్‌కు గుర్తుచేసే ఏర్పాటు ఉంటుంది, వెతకండి. కేబుల్‌ను డిక్కీలో మడిచిపెట్టకుండా పార్కింగ్ దగ్గరే వేలాడదీస్తే సగం సమస్య తీరుతుంది. ప్రతిసారీ డిక్కీ తెరిచి, సామాన్లు జరిపి, తీగ బయటికి లాగాలంటే ఎంత ఓపికున్నవాళ్ళైనా రెండోవారానికి మానేస్తారు.

చలికాలం సంగతి. చలిలో బ్యాటరీ తక్కువ ఇస్తుంది, హీటర్ ఎక్కువ తీసుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఎలాగూ వృథా అయ్యే వేడి బండి లోపలికి వస్తుంది. కరెంటు మీద నడిచేటప్పుడు ఆ వేడినీ బ్యాటరీయే ఇవ్వాలి. 45 కిలోమీటర్లు కాస్తా 35కి, బాగా చలైతే ఇంకా కిందికి రావచ్చు. దీనికి తోడు కొన్ని మోడళ్ళలో హీటర్ వేయగానే బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. మీ బండి ఏ రకమో పొద్దున్నే ఒకసారి గమనించండి. హీటర్ వేయగానే ఇంజిన్ శబ్దం వస్తే, సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ ఉంటే వాటితో సరిపెట్టుకోండి. అవి చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి. అన్నిటికన్నా మంచిది, బండి ఇంకా ప్లగ్‌కు ఉండగానే బయలుదేరే పది పదిహేను నిమిషాల ముందు యాప్‌తో లోపల వేడి చేసుకోవడం. గోడ కరెంటుతో పని అయిపోతుంది, బ్యాటరీ రోడ్డుకు మిగులుతుంది. ఎండాకాలం ఏసీకి కూడా ఇదే కిటుకు. రోజూ ఇంజిన్ మీద పోయే ఆ ఆఖరి 5 కిలోమీటర్లలో కొంత దీనితోనే తప్పించుకోవచ్చు. ఆ కొద్ది దూరానికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడం వల్ల అది నేను లెక్కలో వేసిన 6 లీటర్ల రేటు కన్నా ఎక్కువే తాగుతుంది.

ఇంజిన్ అనవసరంగా లేచే ఇంకో సందర్భం, ఎక్సెలరేటర్ గట్టిగా తొక్కడం. కరెంటు మోటారు ఒక్కటే ఇవ్వలేనంత జోరు అడిగితే, బ్యాటరీ ఎంత ఉన్నా ఇంజిన్ వచ్చేస్తుంది. కొన్ని బండ్లు ప్రతిసారీ ఆటో మోడ్‌లో స్టార్ట్ అవుతాయి, కరెంటు మీదే నడిపే ఈవీ బటన్ మీరే నొక్కాలి. పొద్దున బండి తీయగానే ఆ బటన్ చూసుకునే అలవాటు చేసుకోండి.

హైవే మీద చేయగలిగేది తక్కువే, కానీ అక్కడే మీ పెట్రోలు సగానికి పైగా పోతోంది. స్పీడు రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఉన్న నిరోధం 120 దగ్గరికి వచ్చేసరికి 44 శాతం పెరుగుతుంది. పైన సామాను పెట్టె బిగించి ఉంటే ఊరెళ్ళని రోజుల్లో తీసేయండి. టైర్లలో గాలి చూసుకోండి. బ్యాటరీని హైవే మీద ఒకే దమ్మున ఖర్చు పెట్టకండి. ఊరు దాటేదాకా కరెంటు, హైవే ఎక్కాక హోల్డ్, మళ్ళీ అమ్మావాళ్ళ ఊళ్ళోకి దిగగానే కరెంటు. మెల్లగా నడిచే చోట బ్యాటరీ ఎక్కువ దూరం ఇస్తుంది, ఇంజిన్‌కు ఆ చోటే కష్టం. అక్కడ ప్లగ్ ఉంటే మాత్రం బ్యాటరీలో ఏమీ మిగల్చకుండా ఖాళీగా వెళ్ళి దిగండి.

ఇప్పుడు మీ బండి అసలు అంకెలు కనుక్కునే దారి. రెండు విషయాలు చాలు. ఒకటి, ఫుల్ ఛార్జింగ్‌తో బయలుదేరి మీ మామూలు దారిలో, మామూలుగా నడుపుతూ, ఇంజిన్ పగ్గం తీసుకునేదాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసుకోండి. కొన్ని రోజులు చేస్తే సగటు తెలుస్తుంది. రెండు, ఈసారి ఊరెళ్ళేటప్పుడు బ్యాటరీ అయిపోయిన తర్వాత బంకులో ట్యాంక్ ఫుల్ చేయించి, చేరాక మళ్ళీ ఫుల్ చేయించి, మధ్యలో నడిచిన కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. ఈ రెండు అంకెలూ పైన నా ఊహల స్థానంలో పెట్టి లెక్క మళ్ళీ వేయండి. డ్యాష్‌బోర్డు సగటును నమ్ముకోకండి. కరెంటు మీద నడిచిన కిలోమీటర్లను సున్నా పెట్రోలు కింద కలుపుకుని అది ఒకరోజు 1.8 అని, మర్నాడు 7 అని చూపిస్తుంది.

ఈ కొలతల్లో తేడా పెద్దగా ఉంటేనే లోపం అనుమానించాలి. మంచి వాతావరణంలో కూడా ఫుల్ ఛార్జింగ్ మీద 30 దాటకపోతే, పోయినేడు వచ్చిన దూరంలో సగమే ఇప్పుడు వస్తుంటే, ఈవీ మోడ్‌లో మెల్లగా పోతున్నా ఇంజిన్ ఆగకపోతే, ఖాళీ బ్యాటరీతో హైవే మీద 10 లీటర్లు దాటుతుంటే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి. రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి. బ్యాటరీకి విడిగా వారంటీ ఉంటుంది, చాలా కంపెనీలు 8 ఏళ్ళ దాకా ఇస్తాయి. "మైలేజీ రావట్లేదు" అంటే "మీ డ్రైవింగ్ అలాంటిది" అని పంపేస్తారు. అంకెలు చూపిస్తే అలా పంపలేరు.

మీ తమ్ముడి సంగతి ఆఖరికి ఉంచాను. వద్దనీ చెప్పకండి, కొనమనీ చెప్పకండి. రాత్రి బండి పెట్టేచోట ప్లగ్ ఉందా అని అడగండి. లేకపోతే మాట అక్కడితో అయిపోయింది, మామూలు హైబ్రిడ్ చూసుకోమనండి. ప్లగ్ ఉండి, రోజూ తిరిగేది బండి కరెంటు దూరంలో మూడింట రెండు వంతుల లోపు ఉండి, దూర ప్రయాణాలు అప్పుడప్పుడే అయితే, ఈ రకం బండి అతనికి మీకన్నా బాగా కుదురుతుంది. కొత్త మోడళ్ళలో కరెంటు మీద 100 కిలోమీటర్లకు పైగా రాసినవి కూడా వస్తున్నాయి. రోజుకు 50, 60 తిరిగేవాళ్ళకు అవి చలికాలంలోనూ సరిపోతాయి. వారంలో సగం రోజులు హైవే మీదే ఉండే ఉద్యోగమైతే మాత్రం వద్దు.

షోరూముకు వెళ్ళినప్పుడు బ్రోచర్‌లోని ఆ ఒక్క అంకెను పక్కన పెట్టి, ఖాళీ బ్యాటరీతో 100 కిలోమీటర్లకు ఎంత తాగుతుందో కాగితం మీద చూపించమనాలి. టెస్ట్ డ్రైవ్‌కు ఎప్పుడూ ఫుల్ ఛార్జింగ్ ఉన్న బండే ఇస్తారు. అతను ముందురోజే ఫోన్ చేసి, బ్యాటరీ ఖాళీగా ఉన్న బండి కావాలని, హైవే మీద ముప్పై నలభై కిలోమీటర్లు నడపాలని అడగాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత అరుస్తుందో, ట్రిప్ మీటరు ఎంత చూపిస్తుందో ఇద్దరూ కలిసి వెళ్ళి చూడండి. వీలైతే మీవారిని కూడా తీసుకెళ్ళండి.